హోటలు కోటుకి అంటుకున్న పట్టీ

ఆవిరమ్మకి ఆ పేరు పెట్టింది వీధి పిల్లలు. అసలు పేరు లాండ్రీ హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. సాయంత్రం ఆవిడ మెట్లెక్కి వస్తుంటే సబ్బు వాసన, వేడిగుడ్డ వాసన ముందొస్తాయి, మనిషి వెనకొస్తుంది. జుట్టు మెలికలు తిరిగి నుదుటికి అతుక్కుని ఉంటుంది. మొహం అప్పుడే మూత తీసిన గిన్నెలా నిగనిగలాడుతుంది. నలభై ఎనిమిదేళ్ళు. నోరు మాత్రం ఇరవై ఏళ్ళప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

వీధి చివర ఎత్తైన రేకుల షెడ్డులో ఉంది ఆ లాండ్రీ. హోటళ్ళ బల్లగుడ్డలు, ఆసుపత్రి దుప్పట్లు, వడ్డన చేసేవాళ్ళ తెల్లకోట్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఆవిరమ్మ పని ఆ కోట్లు. ఇరవై రెండేళ్ళుగా ఒకటే ప్రెస్సు. కింద మెత్త వేసిన బల్ల, పైన ఇనప పలక, కాలి దగ్గర పెడలు. కోటు లోపలివైపు పైకి వచ్చేటట్టు బల్ల మీద పరిచి, పెడలు తొక్కితే పలక దిగుతుంది, బుస్సుమని ఆవిరి కొడుతుంది, మళ్ళీ లేస్తుంది. వినడానికి ఇంతే. కానీ కోటు పరచడంలోనే ఉంది కిటుకంతా. అరచేత్తో సర్దితే వేళ్ళ సందుల్లో ముడత నిలిచిపోతుంది. అందుకని చెయ్యి చెయ్యంతా, భుజం కింద నుంచి మణికట్టు దాకా, గుడ్డ మీద పరిచి ఒక్క లాగు లాగాలి. ఆవిరమ్మ అట్లా లాగిందంటే వీపుభాగం అద్దంలా పరుచుకుంటుంది. ఈ చేతి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ కిటుకు ఆవిడకి నేర్పింది నంబర్లత్త. నంబర్లత్త అంటే లాండ్రీలో బట్టలకి నంబరు పీలికలు కుట్టే పెద్దావిడ. ఆవిడ కూర్చునే గదిని అందరూ చల్లగది అంటారు. ఏసీ గది అనుకునేరు! ప్రెస్సులు లేవు కాబట్టి చల్లన, అంతే. ఒక కిటికీ, ఒక బల్ల, ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ యాభై దాటాయి. ఒకప్పుడు ముగ్గురూ ప్రెస్సుల మీద పనిచేసినవాళ్ళే. ఎందుకు అక్కడికి వెళ్ళారంటే ఎవరూ చెప్పరు. "వయసైంది" అంటారు. ఆ మాట కింద ఏముందో అడగనిదే నిద్రపట్టని మనిషి ఆవిరమ్మ. అయినా ఎన్నేళ్ళు అడిగినా నంబర్లత్త సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చునేదే తప్ప నోరు విప్పేది కాదు.

ఆ జవాబు ఆవిరమ్మకి తన ఒంటి నుంచే తెలిసింది.

మొదట ముట్లు దారి తప్పాయి. రెండు నెలలు మొహం చాటేసేవి, మూడోసారి పదిహేను రోజులకే వచ్చి కూర్చునేవి. తర్వాత నిద్ర పోయింది. ఆ తర్వాత వేడి. గుండెల దగ్గర మొదలై మెడ మీదుగా చెవుల దాకా నిప్పు పాకినట్టు, వెంటనే ఒళ్ళంతా చెమట, ఆ చెమట ఆరేసరికి వణుకు. బయట ఆవిరి, లోపల ఆవిరి. "రెండు బాయిలర్ల మధ్య బతుకు నాది," అని నవ్వేది. నవ్వుతూనే ఒకరోజు పెడలు మీద కాలు పెట్టి మర్చిపోయింది. పలక దిగింది, లేవలేదు. కమురు వాసన వచ్చేసరికి పెద్ద హోటలువాళ్ళ కోటు వీపు మీద పలకంత గోధుమరంగు మచ్చ.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. ఆయన్ని అందరూ గడియారం అంటారు, మాటమాటకీ మణికట్టు చూసుకుంటాడు కాబట్టి. చెడ్డవాడు కాదు, తొందరవాడు.

"ఈ నెల్లో మీరు ఎన్నిసార్లు ప్రెస్సు ఆపి వెనక సందులోకి వెళ్ళారో తెలుసా అమ్మా?"

"తెలీదు సార్. మీరు రాసుకున్నారుగా, చెప్పండి."

"పంతొమ్మిది సార్లు. ఇప్పుడు కోటు కూడా పోయింది." మణికట్టు చూసుకున్నాడు. "వచ్చే నెలాఖరు దాకా చూస్తాను. ఇట్లాగే ఉంటే మీరు చల్లగదికి మారండి. కూర్చుని చేసే పని. మీ మంచికే."

"నా మంచి నాకు తెలుసు సార్," అంది ఆవిరమ్మ. ఆ ప్రెస్సు ముందు నిలబడితేనే తను తను. చల్లగది కిటికీలోంచి నంబర్లత్త ఇటే చూస్తోంది. అప్పుడు తట్టింది ఆవిరమ్మకి. వయసైంది అనే మాట కింద ఉన్నది ఇదే. ముగ్గురినీ ఆ గదిలో కూర్చోబెట్టింది ఈ వేడే.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే, కింది వాటాలో ఉండే ఆడపడుచు పైకొచ్చి కుర్చీ లాక్కుని మరీ కూర్చుంది. భర్త అక్కగారు, అరవై దాటిన మనిషి.

"ఇదేం పెద్ద రోగమా అమ్మాయ్? మేమంతా పడలేదా? ఓర్చుకోవాలి."

"పడ్డారు వదినా. ఎవరైనా మెడల్ ఇచ్చారా?"

"చూశావట్రా తమ్ముడూ, నీ పెళ్ళాం నోరు!"

"నోరు సంగతి తర్వాత. ఆ రోజుల్లో మీరు ఫ్రిజ్ తలుపు తీసి అందులో తల పెట్టి నిలబడలేదూ? ఏం చేస్తున్నారు వదినా అంటే టమాటాలు వెతుకుతున్నా అన్నారు. అరగంట వెతికారు. మన ఇంట్లో ఆ రోజు టమాటాలే లేవు."

ఆడపడుచు నవ్వాపుకోలేక చీదేసింది. చీది, మళ్ళీ మొహం బిగించి, "అయినా ఆ హార్మోన్ల జోలికి మాత్రం పోకు. కాన్సర్లొస్తాయి," అంది.

ఆవిరమ్మ భర్త సిటీ బస్సు నడుపుతాడు. బస్సులో రోజుకు వందల మంది గోల భరించే మనిషి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాత్రం నీళ్ళు నములుతాడు. ఆ రోజు నమిలి నమిలి, "నీకేమైనా అయితే ఎట్లాగే?" అన్నాడు.

"ఇప్పుడు నాకేమీ కావట్లేదనుకుంటున్నారా ఏమండీ?"

ఆయన లేచి ఫ్యాను ఒక పాయింటు పెంచాడు.

సెలవు రోజున ఆవిరమ్మ ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ కూడా తన ఈడుదే. బల్ల మీద చిన్న ఫ్యాను, అది రోగి వైపు కాదు, డాక్టరమ్మ మొహం వైపు తిరిగి ఉంది. ఆవిరమ్మ కళ్ళు ముందు దాని మీదే పడ్డాయి.

"ఆ ఫ్యాను మీవైపే ఉందేం డాక్టరమ్మా?"

"ఎందుకుంటుందో నీకు తెలీకే ఇక్కడికొచ్చావా?" అంది డాక్టరమ్మ. ఇక ఇద్దరికీ మాట కలిసింది.

బి.పి. చూసింది, రొమ్ములు పరీక్షించింది. మధ్యలో ఎప్పుడైనా అకారణంగా రక్తం కనపడిందా, తలనొప్పులున్నాయా, ఇంట్లో ఎవరికైనా కాన్సర్ గానీ రక్తం గడ్డకట్టడం గానీ ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. "మా అమ్మకి కాలి నరంలో రక్తం గడ్డకట్టింది. నెలరోజులు మంచం మీదుంది," అని చెప్పింది ఆవిరమ్మ. డాక్టరమ్మ కలం అక్కడ ఆగింది.

"అట్లా అయితే మింగే మాత్ర నీకు నా మొదటి మాట కాదు. మాత్రగా మింగిన ఈస్ట్రోజెన్ కాలేయంలోంచి పోతుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని కాస్త పెంచుతుంది. అదే మందు చర్మం మీంచి వెళితే ఆ బెడద ఉన్నట్టు కనపడదు. పట్టీ ఉంది, అతికించుకుని వారానికి రెండుసార్లు మార్చుకోవడం. జెల్ ఉంది, రోజూ రాసుకోవడం. ఏదైనా నీకు గర్భసంచి ఉంది కాబట్టి ఒక్క ఈస్ట్రోజెన్ వాడకూడదు. లోపలి పొర మందమైపోయి ప్రమాదం. దానికి కాపలాగా ప్రొజెస్టరాన్ ఉండాలి. నెలలో రెండు వారాలు పడుకునే ముందు గుళిక వేసుకోవచ్చు. లేదా గర్భసంచిలో హార్మోను కాయిల్ పెట్టించుకోవచ్చు. ఏళ్ళపాటు చూసుకోనక్కర్లేదు, ముట్లు కూడా తగ్గుతాయి."

"ఇన్ని రకాలా! మా ఆడపడుచు అన్నీ ఒకే రకం అనుకుంటోంది. కాన్సర్ రకం."

డాక్టరమ్మ నవ్వలేదు. "భయం ఉత్తదే అని చెప్పను. రెండు హార్మోన్లూ కలిపి వెయ్యిమంది ఆడవాళ్ళు ఐదేళ్ళు వాడితే, రొమ్ము కాన్సర్ మామూలుగా వచ్చేవాళ్ళకి తోడు ఇంకో నలుగురైదుగురికి వస్తుంది. ఏళ్ళు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది."

ఆవిరమ్మ తన మనసులో వెయ్యి చేతిరుమాళ్ళు పేర్చింది. రోజూ చూసే దొంతరే. అందులో మరకలున్నవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. వాటికి ఇంకో ఐదు కలిపింది. ఐదంటే లేనట్టు కాదు, ఆ ఐదులో తనొకతె కావచ్చు. ఆ పక్కన ఇంకో దొంతర పెట్టింది, నిద్రలేని రోజుల దొంతర. అది షెడ్డు రేకులకి తగిలింది.

"అసలేదీ వాడకపోతే?"

"అదీ ఒక దారే. ఇది దానంతటది సద్దుకోవచ్చు, ఏళ్ళు పట్టచ్చు. హార్మోను లేని మందులూ ఉన్నాయి. నేను దారులు చెబుతాను, నడిచేది నువ్వు."

ఇన్నేళ్ళలో ఆవిరమ్మతో అట్లా అన్నవాళ్ళు లేరు. పిల్లలు చాలు, ఆపరేషన్ చేయించుకో అన్నారు, చేయించుకుంది. ఆ సంగతి ఎప్పుడో పదిహేడేళ్ళ కిందటిది. అప్పుడు తనని ఒక్కరూ అడగలేదు. ఈసారి గది మధ్యలో నిలబడి గట్టిగా, "పట్టీ ఇవ్వండి, కాపలాకి గుళిక ఇవ్వండి," అంది. బట్టల కొట్లో గుడ్డ కోయించినట్టు అంది.

"నడుం కింద, పిరుదు మీద అతికించుకో. అక్కడే," అని రెండుసార్లు చెప్పింది డాక్టరమ్మ.

మూడో వారానికి నిద్ర తిరిగొచ్చింది. ఎట్లా వచ్చిందంటే, కూతురు వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఊపిరి ఆడుతోందా లేదా అని. వేడి పూర్తిగా పోలేదు గానీ తలుపు కొట్టి వచ్చే చుట్టంలా వస్తోంది, తలుపు పగలగొట్టుకుని రావట్లేదు. ఆవిరమ్మ మళ్ళీ ప్రెస్సు దగ్గర పాట అందుకుంది. గడియారం తన పుస్తకంలో గీతలు తక్కువ పెట్టడం ఓరకంట చూసింది.

కానీ ఆ షెడ్డు షెడ్డే. చెమటకి పట్టీ అంచులు లేచేవి. పనిలో తొడిగే ప్యాంటు బెల్టు ఒరుసుకుని ఒకసారి సగం ఊడింది, ఇంకోసారి ముద్దయింది. ఆవిరమ్మ ఆలోచించింది. పిరుదు మీద చర్మమే, చేతి మీదా చర్మమే. డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, పొట్టి చేతుల చొక్కా అంచుకి కాస్త కింద, చేతి లోపలివైపు అతికించుకుంది. అక్కడ బెల్టు లేదు, ఒరుపు లేదు. భలే తెలివి అనుకుని తన భుజం తనే తట్టుకుంది.

ఏ చెయ్యి? కోటు మీద పరిచి ఒక్క లాగు లాగుతుందే, ఆ చెయ్యి.

రెండో రోజు సాయంత్రం స్నానానికి వెళ్ళి చూసుకుంటే చేతి మీద పట్టీ లేదు. చొక్కా దులిపింది, చెప్పుల అడుగు చూసింది, భర్త వీపు కూడా చూసింది. "నా మీదేం వెతుకుతున్నావే?" అంటే, "ఏం లేదు, తిరగండి," అంది. దొరకలేదు. కొత్తది అతికించుకుంది, ఈసారి బుద్ధిగా నడుం కిందే.

మూడు రోజుల తర్వాత పని మొదలవకముందే గడియారం అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టాడు. బల్ల మీద తెల్లకోటు. అది తిప్పి వీపు లోపలివైపు చూపించాడు. అక్కడ పెద్ద బొటనవేలి గోరంత... కాదు, రెండు గోళ్ళంత, పల్చటి జిగురు పట్టీ. ఆవిరి పలక కింద పడి గుడ్డలో గుడ్డయిపోయింది.

"హోటలు మేనేజరు పంపించాడు. వాళ్ళ వడ్డనాయన రెండు పూటలు తొడుక్కుని తిరిగాడట దీంతో. మీ దగ్గర ఎవరికి పుండ్లున్నాయి, ఎవరికి అంటువ్యాధి ఉంది అని అడుగుతున్నాడు. ఒప్పందం తెంపేసేటట్టున్నాడు. ఎవరిది ఈ ప్లాస్టరు?"

అందరి కళ్ళూ మెల్లగా ఒకవైపే తిరిగాయి. బట్టలు ఉతికే తొట్ల దగ్గర పనిచేసే మూగపిల్ల వైపు. పిల్ల అంటే ముప్పై ఏళ్ళ మనిషే. సబ్బునీళ్ళకి ఆమె చేతులెప్పుడూ పగిలి ఎర్రగా ఉంటాయి. ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"చేతులు చూపించమ్మా," అన్నాడు గడియారం.

ఆవిరమ్మ లెక్క వేసుకుంది. నోరు మూసుకుంటే ప్రెస్సు తనది. మూగపిల్లకి చెప్పుకోవడానికి నోరే లేదు. నోరు విప్పితే, నెలాఖరు దాకా ఆగే పని కూడా ఉండదు. ఈ పూటే చల్లగది. చుట్టూ పదకొండుమంది, అందులో నలుగురు మగవాళ్ళు.

"ఆమె చేతులు దించమనండి సార్. అది నాది."

"మీదా? మీకేం పుండు?"

"పుండు కాదు. ముట్లు ఆగే వయసులో వేడి తగ్గడానికి అతికించుకునే మందు. హార్మోను పట్టీ. కోటు లాగుతుంటే చేతి మీంచి ఊడి దానికంటుకుంది. నా బుద్ధి తక్కువ, అతికించిన చోటు తప్పు. అంటువ్యాధి కాదు, ఎవరికీ ఏమీ కాదు."

గడియారం ఈసారి మణికట్టు కాదు, కాళ్ళ బొటనవేళ్ళు చూసుకున్నాడు. బాయిలర్ చూసుకునే మనిషి దగ్గాడు. వెనక నుంచి ఎవరో, "ఆ వడ్డనాయన రెండు పూటలు తొడుక్కున్నాడంటగా, ఇంటికెళ్ళి ఏడ్చాడేమో పాపం," అన్నారు. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆవిరమ్మే ముందు నవ్వింది.

గడియారం ఫిర్యాదుల పుస్తకం తీసి, "వ్యక్తిగత ఆరోగ్య కారణం," అని రాయబోయాడు.

"అట్లా కాదు సార్. అట్లా రాస్తే మళ్ళీ ఈమె చేతులే చూస్తారు. ఉన్నదున్నట్టు రాయండి. ముట్లు ఆగే వయసు, హార్మోను పట్టీ. నేను చెబుతా, మీరు రాయండి."

"అమ్మా, అందరూ చదివే పుస్తకం..."

"చదవనీండి. వాళ్ళని కన్నవాళ్ళకి కూడా ఈ వయసొచ్చే ఉంటుంది."

రాశాడు. రాసి, పుస్తకం మూసి, గొంతు తగ్గించి, "ఇంక నేనేం చెయ్యలేనమ్మా. రేపటి నుంచి చల్లగది," అన్నాడు.

ఆవిరమ్మ దీనికి సిద్ధంగానే ఉంది. జేబులోంచి కోటు నంబరు చీటీ ఒకటి తీసింది, వెనకవైపు పెన్సిలు గీతలున్నాయి. "నా పంతొమ్మిది సార్లు మీరు రాసుకున్నారు. ఊరికే కూర్చోలేని ప్రాణం కదా, నేనూ రాసుకున్నా. పొగ తాగడానికి వెనక సందులోకి వెళ్ళేవాళ్ళు ముగ్గురున్నారు. ఒక్కొక్కరు రోజుకి ఐదుసార్లు, ఒక్కోసారి ఎనిమిది నిమిషాలు. మీరూ అందులో ఒకరు సార్. నేను వెళ్ళినప్పుడు రెండు నిమిషాలు. మీ గడియారంతోనే చూశా, గోడమీద దాంతో. ముందు వాళ్ళని కూర్చోబెట్టండి చల్లగదిలో. అప్పటికీ కుర్చీ మిగిలితే నేనొస్తా."

బాయిలర్ మనిషి దగ్గు ఆగిపోయింది. ఆ ముగ్గురిలో ఆయనా ఉన్నాడు.

"నెలాఖరన్నారు, నెలాఖరు దాకా ఉంటా. ఆ రోజు కోట్లు లెక్కపెట్టండి. ముడత ఒక్కటి దొరికితే నేనే వెళ్ళి దారం ఎక్కిస్తా," అంది. గడియారం ఔననలేదు, కాదనలేదు. మణికట్టు చూసుకుంటూ వెళ్ళిపోయాడు. అది ఔననడమే అనుకుంది ఆవిరమ్మ.

ఇంట్లో మాత్రం పండగే పండగ. "నే చెప్పలేదూ?" అని ఆడపడుచు. "మానెయ్యవే ఇంక," అని భర్త. మందుల షాపాయన కూడా ఒక చెయ్యి వేశాడు, "మాత్ర తీసుకోండమ్మా, ఊడదు, అంటదు, హాయి," అని. రెండో అంతస్తులో పక్కావిడ ఏవో ఆకుపచ్చ చుక్కలు తెచ్చింది, ఎవరో బంధువులకి పనిచేశాయట. ఆవిరమ్మ అందరి మాటా విన్నది. వినడంలో ఆవిడకి విసుగు లేదు, అదొక సరదా. విని, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

"నడుం కింద అన్నానా లేదా?"

"అన్నారు. బెల్టు వినలేదు."

డాక్టరమ్మ ఈసారి ఫ్యాను ఆవిరమ్మ వైపు తిప్పింది. మళ్ళీ దారులన్నీ బల్ల మీద పరిచారు ఇద్దరూ. మాత్ర, ఊడని మాట నిజమే, కానీ అమ్మ కాలు గుర్తుంది. కాయిల్ మంచిదే, కానీ అది కాపలా పని మాత్రమే చేస్తుంది, ఈస్ట్రోజెన్ ఎటూ వేరే కావాలి. పైగా గుళిక పడుతోంది, దాంతో నిద్ర కమ్మగా ఉంది, దాన్నెందుకు కదపడం? ఇక జెల్. రోజూ రాసుకోవాలి, ఆరేదాకా బట్ట తగలకూడదు, గంటసేపు నీళ్ళు తగలకూడదు, రాసిన చోటు ఇంకొకరి ఒంటికి తగలనివ్వకూడదు.

"ఆరిపోయాక కోటుకి అంటుతుందా?"

"తొడమీద రాసుకో, ఆరనివ్వు, చేతులు కడుక్కో, పైన ప్యాంటు ఉంటుంది. నీ కోటుకి ఏం తెలుస్తుంది?"

"అయితే జెల్."

"ఇంట్లో వాళ్ళు?"

"ఎంచుకున్నది నేను డాక్టరమ్మా. తప్పు పడితే మార్చుకునేదీ నేనే. చొక్కా బిగుతైతే విప్పదీసి కుడతాం గానీ బట్టలే కట్టడం మానేస్తామా?"

అప్పట్నుంచి పొద్దున పూట ఆ ఇంట్లో కొత్త రభస. స్నానాల గది ఒకటే. ఆవిరమ్మ జెల్ రాసుకుని, గోడకి అరడుగు దూరంలో, దేనికీ తగలకుండా కొంగలా నిలబడేది. బయట కాలేజీకి వెళ్ళే కూతురు తలుపు బాదేది.

"అమ్మా, ఇంకా ఎంతసేపు?"

"ఆరుతున్నా!"

"బట్టలా నువ్వా?"

"నేనే! ఐదు నిమిషాలు ఆగలేవా? నీకోసం నేను తొమ్మిది నెలలు ఆగా."

వారం తిరిగేసరికి బయట బాదడం ఆగింది. కూతురే గోడకి ఒక మేకు కొట్టి, వంటింటి గడియారం తెచ్చి తగిలించింది. ఆడపడుచు మాత్రం మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఆవిరమ్మ మొహంలోకి పరీక్షగా చూసేది, ఎక్కడైనా రోగం కనపడుతుందేమో అని. ఒకరోజు చూసి చూసి, "నిద్ర పడుతోందా?" అంది. "పడుతోంది వదినా." "ఊఁ," అంది. అంతే. ఆ "ఊఁ"లో కొంచెం కుళ్ళు ఉంది, దాచుకోలేదు పాపం.

నెలాఖరు వచ్చింది. అదే పెద్ద హోటలు నుంచి నూట అరవై కోట్లు ఒక్కసారే దిగాయి. మేనేజరు ఒప్పందం తెంపలేదు, పరీక్ష పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి బండి వస్తుంది. పక్క ప్రెస్సు మనిషి ఆ రోజే జ్వరమని రాలేదు. గడియారం పుస్తకం చంకలో పెట్టుకుని ప్రెస్సు పక్కనే నిలబడ్డాడు.

ఆవిరమ్మ మొదలుపెట్టింది. పరుచు, లాగు, తొక్కు, బుస్సు. పరుచు, లాగు, తొక్కు, బుస్సు. ఎనభై దాటాక గుండెల దగ్గర వెచ్చగా కదిలింది. వస్తోంది. మెడ ఎక్కింది. ఆవిరమ్మ పలక పైకి లేపి, ఆవిరి కట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు గడియారం.

"వెనక సందులోకి. రెండు నిమిషాలు. రాసుకోండి సార్, పూర్తిగా రాసుకోండి, వేడి వచ్చిందని. తర్వాత మీరు వెళ్ళి మీ ఎనిమిది నిమిషాలు తాగి రండి, అదీ రాసుకోండి."

వెళ్ళింది, గోడకి ఆనుకుని గాలి పీల్చుకుంది, మెడ తుడుచుకుంది. మందు వాడితే వేడి అసలు రాదని ఎవరూ చెప్పలేదు. వస్తే తను భయపడదు, అదీ తేడా. లోపలికి వచ్చేసరికి తన ప్రెస్సు ఖాళీగానే ఉంది. పక్క ప్రెస్సు మాత్రం బుస్సుమంటోంది.

దాని ముందు నంబర్లత్త నిలబడి ఉంది. కళ్ళజోడు నెత్తి మీదకి తోసింది, మోచేతుల పైదాకా చొక్కా చేతులు మడిచింది. సూదులు గుచ్చిన చిన్న దిండు ఇంకా ఆవిడ మణికట్టుకి కట్టే ఉంది.

"అత్తా! మీరేంటిక్కడ?"

"పదకొండేళ్ళైంది నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి," అంది నంబర్లత్త, కోటు వీపు మీద చెయ్యంతా పరుస్తూ. "నాకూ ఇదే వచ్చింది. నేనూ ఒక కోటు మాడ్చా. మంచికే అన్నారు, వెళ్ళి కూర్చున్నా. నీలా చీటీ రాసుకోవాలని నాకు తట్టలేదు." ఒక్క లాగు లాగింది. గుడ్డ అద్దంలా పరుచుకుంది.

గడియారం నోరు తెరిచాడు. "మీరు మీ గదిలో..."

"నాకు వేడి ఆగి ఆరేళ్ళైంది సార్. నన్నెవరూ మళ్ళీ వచ్చి అడగలేదు, ఇప్పుడెట్లా ఉందమ్మా అని. నాలుగింటికి బండొస్తోంది, పక్కకి జరుగుతారా? కాలు దగ్గర పెడలుంది, తొక్కేస్తా."

ఆయన పక్కకి జరిగాడు.

మూడూ నలభైకి నూట అరవయ్యో కోటు హ్యాంగరుకి ఎక్కింది. గడియారం ఒక్కొక్కటే లైటు కింద పట్టుకుని చూశాడు, వీపు చూశాడు, లోపలివైపు కూడా తిప్పి చూశాడు. ముడత లేదు, పట్టీ లేదు. పుస్తకం తెరిచి, మరుసటి నెల పనుల పట్టికలో ఆవిరమ్మ పేరుకి ఎదురుగా 'ప్రెస్సు' అని రాసి, కింది వరుస దగ్గర కలం ఆపి నంబర్లత్త వైపు చూశాడు.

"ఏం చూస్తారు సార్? రెండో ప్రెస్సు అని రాయండి," అంది నంబర్లత్త. తర్వాత ఆవిరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించకుండానే అడిగింది, "అమ్మాయ్, నీ డాక్టరమ్మ దగ్గరికి ఏ బస్సు వెళుతుంది? నాకు కాదు. చల్లగదిలో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళకి ఇంకా ఆగలేదు."

"మా ఆయన బస్సే. ముందు సీట్లో కూర్చోమనండి, నేను చెబుతా," అంది ఆవిరమ్మ, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. మూగపిల్ల తొట్ల దగ్గర నుంచి వచ్చి, పగిలిన చేతులు దాచుకోకుండా చాచి, ఖాళీ హ్యాంగర్లు ఏరుకుంది.